రాజుగారి గచ్చు మీద పెట్టిన సున్నా

మా బావ ఏసుపాదం స్టీరింగు పట్టుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది. కాలవగట్లు, ఏటిగట్లు, లంకల్లోకి దిగే బాటలు, అన్నిటి మీదా ట్రాక్టరు తోలాడు. మొదట్లో భయమంటే ఏమిటో తెలియని మనిషి. నాలుగేళ్ళ నుంచి మాత్రం భయం తప్ప ఇంకేమీ గుర్తుండేది కాదు అతనికి.

నా పేరు ఐజాక్, తాపీమేస్త్రిని. రావులపాలెం చుట్టుపక్కల ఊళ్ళలో సగం ఇళ్ళకి గచ్చు నేనే వేశానని చెప్పుకుంటూ ఉంటాను. అందులో కొంత గొప్ప ఉంది, ఒప్పుకుంటాను. నా చెల్లెలు ప్రసన్నకుమారిని ఏసుపాదానికి ఇచ్చి చేశాం. అతని నోట్లోంచి మాట రాదు, నా నోట్లో మాట ఆగదు. అయినా మా ఇద్దరికీ బాగా కుదిరింది.

నాలుగేళ్ళ కిందట కాలవగట్టు మీద గడ్డి లోడుతో వస్తుంటే ఎదురుగా ఆటో వచ్చింది. దారివ్వబోతే ఎడం చక్రం గట్టంచు దిగింది. బండి ఎంత నిమ్మదిగా ఒరిగిందంటే, దూకెయ్యడానికి టైముందనే అనుకున్నాడట. లేదు. ఎడమకాలు మడ్‌గార్డు కింద ఇరుక్కుంది. జనం తాళ్ళు తెచ్చి బండి లేపేదాకా గంటన్నర సేపు గెడ్డం దాకా కాలవ నీళ్ళలో ఉన్నాడు. ఎవరైనా పడవేసుకుని వెళ్తే చాలు, అల నోట్లోకొచ్చేదట. ఈ ముక్క ఒక్క నాతోనే చెప్పాడు. ప్రసన్నకి చెప్పలేదు.

కాలు కొంచెం పొట్టిదయింది. అది పెద్ద విషయం కాదు. మనిషి మారిపోయాడు. చిన్న దిగుడొచ్చినా బండాపి, దిగి, కుంటుకుంటూ ఆ చివరిదాకా నడిచి చూసొచ్చేవాడు. తువ్వాలు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని తోలేవాడు. చదును రోడ్డు మీద పోతూ కూడా, "బావా, ఒరుగుతోందా?" అని అడిగేవాడు నన్ను. టీకొట్టు దగ్గర ఒకడు, "ఏసుపాదం, రోడ్డు పడిపోతోంది, పట్టుకో" అని వెటకారం చేశాడు. వాడి చొక్కా పట్టుకున్నాను నేను. నాకు కోపం ముందు, మాట తరవాత.

బండి వెంకటరాజు గారిది. ఆయన మంచి రైతు, ఏటిగట్టుకి లోపలి లంకలో అరటితోట ఉంది. ప్రమాదం జరిగాక కూడా ఏసుపాదాన్ని మానిపించలేదు. "ఒకసారికి ఏం కాదులేవోయ్" అన్నారు. ఆ "ఒకసారి" అన్న మాట మా బావకి మేకులా దిగబడింది. రెండోసారి బండి పోతే తనకి స్టీరింగు ఎవరిస్తారు? కుంటికాలుతో కూలికెళ్తే ఎవరు పెట్టుకుంటారు? నిద్రలో కూడా క్లచ్చి తొక్కేవాడని ప్రసన్న చెప్పేది.

అప్పుడు మా మేనకోడలు దీవెన ఒక మీటరు తెప్పించింది. కాకినాడలో నర్సింగు చదువుతోంది ఆ పిల్ల. కొండల్లో జీపులు నడిపేవాళ్ళు పెట్టుకునేదట, ఫోనులో వీడియో చూసి ఆర్డరు పెట్టింది. గుండ్రంగా అరచేతిలో పట్టేంత ఉంది. మధ్యలో ముల్లు, దానికి అటూ ఇటూ సన్నటి గీతలు, గీతకో డిగ్రీ. బండి ఎడమకి ఒరిగితే ముల్లు ఎడమకి, కుడికి ఒరిగితే కుడికి. ఎంత ఒరిగిందో అంకె చూపిస్తుంది.

"నాన్నా, ఇంక నువ్వు భయపడక్కర్లేదు. అదే చెప్తుంది నీకు" అంది.

జీపులకి ముప్ఫై దాకా పరవాలేదని కాగితంలో ఉంది. వెనక లోడుతో ట్రక్కు తగిలించిన ట్రాక్టరుకి అంతెక్కడ? ఊళ్ళో పాత డ్రైవర్లనడిగి పదిహేను అనుకున్నాం. అటొకటి ఇటొకటి, పదిహేను దగ్గర దీవెన తన గోళ్ళరంగుతో ఎర్రగీతలు గీసింది. తరవాత కాగితం మళ్ళీ చదివి, "మావయ్యా, లెవెల్‌గా ఉన్న చోట బండి పెట్టి, ముల్లు సున్నా మీద ఉండేలా అతికించాలంట" అంది.

"లెవెలా? రాజుగారి వాకిట్లో గచ్చు ఉండగా ఇంకెక్కడికే! నా చేత్తో వేసింది. అద్దంలా ఉంటుంది, గోలీ పెడితే కదలదు" అన్నాను.

అలా అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. నా నోరే.

రోజూ ఎక్కడ నిలబెడతారో అక్కడే, ఆ గచ్చు మీద, బండిని తూర్పుముఖంగా పెట్టి అతికించాం. ఏసుపాదం ఆ మీటరుని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. వారం తిరక్కుండా తువ్వాలు భుజం మీదికొచ్చింది. నెలయ్యేసరికి దిగి నడిచి చూడ్డం మానేశాడు. రోడ్డు మీద ముల్లు మూడు గీతలు కుడికి ఉండేది. "ఎడం టైరు కొత్తది కద బావా, ఎత్తుగా ఉంటది" అన్నాడు. అంతేలే అన్నాను. మనిషి నవ్వుతున్నాడు, నాకంతే చాలు. ప్రసన్న ఆదివారం చర్చిలో లేచి నిలబడి ఆ మీటరు కోసం సాక్ష్యం కూడా చెప్పింది.

పోయిన వర్షాకాలం, శ్రావణం రాకముందే గోదావరికి ఎర్రనీరొచ్చింది. మొదటి హెచ్చరిక పొద్దున్నే ఎగరేశారు. లంక మునిగేలోపు కోతకొచ్చిన గెలలు కొట్టి గట్టెక్కించాలని రాజుగారు కూలీలని పంపారు. పద్నాలుగుమంది ఆడవాళ్ళు, అందులో ప్రసన్న ఒకతె. వానకి నాకు పని లేదు, మోతకి మనిషి తక్కువైతే నేనూ బండెక్కాను. ఏటిగట్టు మీంచి తిన్నగా దిగే బాట మీదుగా లంకలోకి దిగాం. ముల్లు పెద్దగా కదల్లేదు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి తోటలోకి నీళ్ళు పాకాయి. చప్పుడు లేదు. చెట్ల మొదళ్ళ మధ్య నుంచి ఎర్రగా, చల్లగా వచ్చేశాయి. ముందు మడమలు, కాసేపటికి మోకాళ్ళు. ట్రక్కు నిండా గెలలున్నాయి. బాట వైపు చూసొచ్చిన అప్పాయమ్మ, అందరిలోకీ పెద్దది, రొమ్ము బాదుకుంటూ వచ్చింది.

"బాట కోసుకుపోయిందిరా నాయనో! సగం లేదు!"

ఏసుపాదం మొహం పాలిపోయింది. కాని మీటరు వైపు చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "పశువుల దారి ఉందండి. గట్టువాలు మీద అడ్డంగా ఎక్కుతాది. మొన్న ఖాళీ బండితో ఎక్కితే ఎడమకి పన్నెండే చూపించింది. గీత పదిహేను కదా. ఎక్కండి, అందరూ గెలల మీద కూర్చోండి" అన్నాడు. మాట ధైర్యంగానే ఉంది. ఆ ధైర్యమంతా ఆ చిన్న మీటరుదే.

ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. నేను ట్రక్కు తలుపు బిగించడానికి వెనక్కి నడిచాను. ట్రాక్టరు ఎడం పెద్దచక్రం మధ్యలో బోల్టులుంటాయి కదా, నీళ్ళు సరిగ్గా కింది బోల్టుని తాకుతున్నాయి. చుట్టుతిరిగి కుడివైపుకొచ్చాను. అక్కడా అంతే. కింది బోల్టు, సగం తడి, సగం పొడి. మేస్త్రి కళ్ళు, ఊరికే ఉండవు. నీళ్ళు రెండు పక్కలా ఒకే బోల్టు దగ్గరున్నాయంటే ఇరుసు మట్టంగా ఉన్నట్టే. టైరు కొత్తదా పాతదా అన్న పేచీ లేదు. మట్టం చూడ్డానికి నీళ్ళని మించిన రసమట్టం లోకంలో లేదు.

మడ్‌గార్డు ఎక్కి మీటరు చూశాను. ముల్లు కుడికి మూడు గీతలుంది.

బండి మట్టంగా ఉంది. మీటరు తప్పు చెబుతోంది. ఎందుకు చెబుతోందో కూడా ఆ క్షణంలోనే తెలిసింది. ఆ గచ్చు వేసినప్పుడు రాజుగారు పక్కన నిలబడి, "ఈశాన్యం బాగా పల్లం ఉండాలోయ్, వాననీళ్ళన్నీ ఆ మూలకే పోవాలి" అన్నారు. పదడుగులకి రెండంగుళాల వాటం చాలండీ అంటే వినలేదు. ఆరంగుళాలు పెట్టించారు. నా చేత్తోనే పెట్టాను. తూర్పుముఖంగా నిలబెడితే ఆ మూల ఎడం పక్క పడుతుంది, బండి ఎడమకి మూడు డిగ్రీలు ఒరిగి ఉంటుంది. దాన్ని మేం సున్నా అనుకున్నాం. అంటే ఎడమకి పన్నెండు చూపిస్తే అసలు పదిహేను. అదీ ఖాళీ బండికి, ఎండిన మట్టి మీద. ఇప్పుడు వెనక గెలలు, వాటి మీద పద్నాలుగుమంది, కింద బురద.

చెప్పాలి. నోరు పెగల్లేదు. ఎప్పుడూ ఆగని నా నోరు! చెబితే ఈ మనిషి స్టీరింగు వదిలేసి కూలబడిపోతాడు. మళ్ళీ ఆ తువ్వాలు, మళ్ళీ ఆ కాలవ. చెప్పకుండా ఉంటే, ఒకవేళ ఎక్కేస్తే, ఎవరికీ ఏమీ తెలియదు. నా పరువూ ఉంటుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఆలోచన కూడా వచ్చింది నాకు.

"అన్నయ్యా, ఎక్కు, నీళ్ళొచ్చేత్తన్నాయి!" అని పైనుంచి ప్రసన్న అరిచింది. గెలల మీద, ఎడమ అంచున, కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుంది.

"దిగండి!" అని అరిచాను. "అందరూ దిగండి! నడిచి ఎక్కండి గట్టు!"

"ఏంటి బావా?" అన్నాడు ఏసుపాదం.

"మీటరు తప్పు. ఎడమకి మూడు తక్కువ చూపిత్తంది. గచ్చుకి వాటం ఉంది బావా. నేనే పెట్టాను. మర్చిపోయాను. బోల్టులు చూడు, నీళ్ళు చూడు."

వంగి ఎడం పక్క చూశాడు. కుడి పక్క చూశాడు. తరవాత నా మొహం చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మరయితే మూడు నెలల్నించి నేను..." అని ఆగిపోయాడు.

ఆడవాళ్ళు గొణుక్కుంటూ దిగారు. "ఈ బురదలో నేనెక్కలేన్రా, నన్నిక్కడే చంపెయ్" అంటున్న అప్పాయమ్మని ప్రసన్న రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. నేనూ బావా ట్రక్కు విప్పబోయాం. పిన్ను నీళ్ళలో బిగుసుకుపోయి ఊడలేదు. బండి వదిలేసి రమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"ఇది కూడా నా చేతిలో పోతే రేపట్నించి నేనేంటి బావా?" అన్నాడు. "నువ్వు దిగు."

తువ్వాలు తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

గట్టు మీద నిలబడి చూశాం. బండి అడ్డంగా ఎక్కుతోంది. ఎక్కుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. ప్రసన్న కళ్ళు మూసుకుని ప్రభువా, ప్రభువా అంటోంది. మూడొంతులు ఎక్కాక వెనక ట్రక్కు ఎడమకి జారింది. నిమ్మదిగా, నాలుగేళ్ళ కిందట అతను చెప్పినట్టే, దూకడానికి టైముందనిపించేంత నిమ్మదిగా ఒరిగింది. గెలలన్నీ ఒక్కసారి కింద నీళ్ళలో పడ్డాయి. హుక్కు దగ్గర ఇనుము విరిగిన చప్పుడయింది. ట్రక్కు బోర్లా పడి, ఎడమ అంచు బురదలో మూరెడు దిగబడింది. ట్రాక్టరు ముందుచక్రాలు గాల్లోకి లేచి, మళ్ళీ నేలమీద పడ్డాయి. ఇంజను ఆగిపోయింది.

ఎలా పరిగెత్తానో తెలియదు. ఏసుపాదం సీట్లోనే ఉన్నాడు. స్టీరింగు మీద వేళ్ళు బిగుసుకుపోతే ఒక్కొక్కటీ నేను విప్పాను. తువ్వాలు కొరికిన చోట చిరిగింది.

"ముల్లు ఎంతలో ఉంది బావా?" అన్నాడు. "నేను చూళ్ళేదు."

చూశాను. పన్నెండు. ఎర్రగీతకి ఇంకా మూడు గీతల దూరంలో, ఏ భయమూ లేని చోట ఉంది.

ప్రసన్న వచ్చి ట్రక్కు ఎడమ అంచు దిగబడిన చోటు చాలాసేపు చూసింది.

మనుషులు దక్కారు కదా అన్నారు రాజుగారు. ఏసుపాదం వారం రోజులు బండి ముట్టుకోలేదు. వరద తీశాక ఒక పొద్దున మీటరు ఊడదీసి చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"మళ్ళీ అతికిద్దాం" అన్నాడు.

నేను గబగబా రసమట్టం తీశాను. "పద, చర్చి ముందు రోడ్డు చదునుగా ఉంటుంది, నేను చూసి చెప్తాను."

"వద్దు బావా" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. "నువ్వు చెప్పద్దు."

బండిని నీళ్ళు నిండా పెట్టిన రాజుగారి వరిచేలోకి దింపాడు. చక్రం దిగబడని గట్టి నేల దొరికేదాకా కుంటుకుంటూ తనే వెతికాడు. రెండు చక్రాల దగ్గరా వంగి, నీళ్ళ పైనుంచి బోల్టు దాకా పుల్లతో కొలిచాడు. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ. నాలుగోసారి కూడా కొలిచాడు. నేను రసమట్టం చేత్తో పట్టుకుని చేనుగట్టు మీద నిలబడ్డాను. నన్ను పిలవలేదు.