సాంచాల ఊళ్లో పెద్ద పాట

మా ఆయనకు చెవులు పోతున్నాయన్న సంగతి నాకు మొదట తెచ్చి చెప్పింది మా వాడలో కండెలు చుట్టే ముసలమ్మ. సిరిసిల్లలో కరెంటు మగ్గాలను సాంచాలంటారు. వాటికి కావలసిన నూలు కండెలను ఆడవాళ్లు చుట్టి ఇస్తారు. ఆమె మా ఆయన పనిచేసే కార్ఖానాలో గంప దించి వస్తూ, చెంగుతో మెడ తుడుచుకుంటూ నా గడప మీద కూచుంది.

"ఇచ్చోడ పిల్లా, నీ పెనిమిటితోని ఏమన్న పంచాయితి అయ్యిందానే?"

"లేదవ్వా. ఎందుకు?"

"మరి నా మీద అలిగిండా? ఎనుకకెల్లి పిలిస్తె పలుకుతలేడు. ముంగటికి పోయి నిలబడితె, ఎప్పుడచ్చినవ్ అవ్వా అని నవ్వవట్టె."

"సాంచాల చప్పుడుల ఎవలకు ఇనబడ్తది?"

"నాకు ఇనబడ్తది గద బిడ్డా. నేను వానికంటె ముసలిదాన్నాయె."

చాడీ చెప్పినట్టు చెప్పలేదామె. ఇంకెవరూ చెప్పని మాట ముఖం మీద చెప్పినందుకు ఆమెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ కార్ఖానాల్లో చెవులు మందగించడం కొత్త కాదు. నేతపనికి కళ్లూ చేతులూ ఉంటే చాలు. కానీ మా ఆయన మా చిన్న చర్చిలో క్వయర్, అంటే పాటల జట్టు, నడిపేవారు. అందరి గొంతులనూ విడివిడిగా విని, ఎవరు జారుతున్నారో కనిపెట్టి, కంటిసైగతో సరిదిద్దేవారు. ఆయనకు ఆ చెవే పోతే ఇంకేం మిగులుతుంది?

నేను బడికి పోయిన దాన్ని కాదు. నా పుట్టిల్లు ఇచ్చోడ; మా బాపు ఆ దగ్గరి పల్లెల్లో ప్రార్థనలు నడిపే ఉపదేశిగా తిరిగేవాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బళ్లన్నీ మూతబడితే మా అన్నలు కూడా ఇంట్లోనే ఉండిపోయారు. అప్పుడు బాపు అందరినీ అరుగు మీద కూచోబెట్టి చదువు చెప్పాడు. బళ్లు తెరిచాక అన్నలు వెళ్లారు, నేను అరుగు మీదే మిగిలాను. బైబిలూ, కీర్తనల పుస్తకమూ, స్వరాలు గుర్తుపట్టడమూ నాకు అక్కడే వచ్చాయి. ఆ చదువు చాలు, దేవునికి స్తోత్రం. ఆ స్వరజ్ఞానం చూసే మా ఆయన నన్ను చేసుకున్నారని మా అత్త ఎగతాళి చేసేది.

నా మొదటి కాన్పు మిషన్ దవాఖానలో జరిగింది. అక్కడి నర్సు దొరసాని తన దేశానికి తిరిగి పోయేటప్పుడు తన రికార్డు ప్లేయరునూ, ఎర్ర పెట్టెలో ఉన్న బరువైన ప్లేట్లనూ మా ఆయన చేతుల్లో పెట్టి పోయింది. పాశ్చాత్యులు పండుగలప్పుడు పాడుకునే ఒక పాత సంగీత కావ్యం అది. ప్రవక్తల మాటలతో మొదలై, క్రీస్తు పుట్టుక, శ్రమలు, పునరుత్థానం దాకా నడుస్తుంది. వేషాలుండవు, ఆటలుండవు. పాడడమొక్కటే. మేం దాన్ని 'పెద్ద పాట' అనేవాళ్లం.

ఆ ప్లేట్లలో పాడినవాళ్లు ఎంతమందో లెక్క తెలియదు. జాతరకు కదిలిన జనంలా ఒక్కసారి గొంతెత్తేవారు. వాద్యాలు వాగు పొంగినట్టు వచ్చేవి. ఎవరి గొంతూ విడిగా చిక్కదు. ఆయన సాయంత్రాలు పెట్టి వింటూ, అందులో నడిమి బృందగానానికి తెలుగు మాటలు కూర్చి క్వయర్‌కు నేర్పించారు. చాలా నెమ్మదిగా, కిందిశ్రుతిలో సాగేదది. ముసలివాళ్లకు ఆ నడకే ఇష్టం. "ఉరుకులాడకుంట పాడుతున్నరు, ఆయాసం రాదు" అని మెచ్చుకునేవారు.

ఒకసారి కూలి రేట్ల కోసం ఊరంతా సమ్మె చేసి సాంచాలన్నీ ఆపారు. ఆ సాయంత్రం ప్లేటు పెడితే పాట పైశ్రుతిలో, ఒకటే పరుగు. ఆయన గబుక్కున ముల్లు ఎత్తేశారు.

"మిషిన్ ఖరాబైంది."

సూది చూశారు, పట్టీ చూశారు. ఎక్కడా ఏమీ లేదు. ఆఖరుకు నెత్తి మీది బల్బు చూసి కుర్చీలో కూలబడ్డారు. అది ఎన్నడూ లేనంత తెల్లగా వెలుగుతోంది. సాంచాలు ఆగాయి గనుక కరెంటు నిండుగా వచ్చింది. ఇన్నాళ్లూ సాంచాలు ఊరి కరెంటంతా పీల్చుకుంటుంటే మా ప్లేటు నీరసంగా తిరిగింది. ఆ నీరసాన్నే మేం భక్తి అనుకుని నేర్చుకున్నాం.

"గిన్నేండ్లు మనం పాటను పాడలే. తక్కువ ఓల్టేజిని పాడినం" అన్నారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. హార్మోనియం తెచ్చి చూశారు. అసలు పాట మా పాట కంటే ఒక మెట్టు పైన ఉంది.

ముసలమ్మ నాకు ఆ చెవుల మాట చెప్పింది ఇది జరిగిన కొన్నేళ్లకు. కరీంనగర్ తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపించాను. ఆయన మంచివాడు, దాచకుండా చెప్పాడు. "చప్పుడుకు నరం చచ్చిపోయింది. మందు లేదు. సాంచాల పని మానుకుంటే ఉన్నదన్నా మిగులుతదేమో."

నేను ఆ మాట చెవి దగ్గర మళ్లీ చెప్పాను. మా ఆయన అడిగారు: "మానుకోని ఏం తినాలె సారూ?"

డాక్టరు తలొంచుకుని ఇంకో చీటీ మీద ఏదో రాసుకున్నాడు. మేం బస్సెక్కాం.

ఆ తర్వాత ఇంట్లో ప్లేటు పెట్టినా ఆయన మధ్యలోనే లేచిపోయేవారు. "ఇందుల గూడ సాంచాలే నడుస్తున్నయే. పాటేది?" అనేవారు. అంతమంది గొంతులు కలిసి ఆయన చెవిలో ఒకటే హోరు అయ్యేవి. అప్పటికే క్వయర్ సగమైంది. కూలి చాలక కుటుంబాలకు కుటుంబాలే రాష్ట్రం దాటి భివండీ సాంచాలకు పోయాయి. ఆదివారం బెంచీల మీద ఖాళీలు కనబడుతుండేవి.

అలాంటి రోజుల్లో మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు బెంగళూరు నుంచి ఒక క్యాసెట్ తెచ్చారు. పెద్ద పాటే, కానీ ఇంకో రకం. అది పుట్టిన రోజుల్లో ఎలా పాడారో అలాగే పాడాలని కొందరు పట్టుపట్టి చేసిన రికార్డు అని ఆయన చెప్పారు. కొద్దిమంది గాయకులే. వయొలిన్లకు పేగు తీగలు, కొయ్య పిల్లనగ్రోవులు. అయ్యగారు తన టేపు రికార్డరులో కొత్త సెల్లులు వేసి మా ఇంట్లో పెట్టారు.

మొదట నాకు నచ్చలేదు. ఉట్టి ఎముకల్లా వినిపించింది. తీగలు సన్నగా, పొడిగా పలికాయి. డోళ్లు డప్పును వెచ్చబెట్టి కొట్టినట్టు టకటకలాడాయి. ఒకే చరణం రెండోసారి వచ్చినప్పుడు గాయకులు కొత్త సంగతులు వేశారు. అయ్యగారికి అదే గిట్టలేదు.

"దేవుని ముంగట గీ సోకులెందుకమ్మా? పాత ప్లేటుల గాంభీర్యం ఉన్నది."

"మన భజనోళ్లు గూడ తిప్పి తిప్పి పాడ్తరు గదయ్యగారూ" అన్నాను. "వాళ్లకు భక్తి లేదంటమా?"

"నీతోని వాదించి మీ బాపే గెలువలేదంట, నేనెంత" అని నవ్వారాయన.

శ్రమల భాగంలో ఒక స్త్రీ ఒంటరిగా పాడే పాట వచ్చింది. పాత ప్లేటులో ఆమె గొంతు వణికించి ఏడుస్తుంది, వింటుంటే నాకూ ఏడుపొస్తుంది. ఈ క్యాసెట్‌లో ఆమె ఏడవలేదు. ఊరికి చావు కబురు తెచ్చిన మనిషిలా, జరిగింది జరిగినట్టు చెప్పుకుపోయింది. అది ఇంకా కష్టంగా ఉంది. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు చూశాను, మా ఆయన లేచిపోలేదు. స్పీకరుకు చెవి ఆనించి కూచుని ఉన్నారు. బృందగానం మొదలైతే వేళ్లతో తాళం వేస్తున్నారు.

"ఇనబడ్తున్నదా?"

"ఇడివిడిగా ఇనబడ్తున్నదే. ఎవడు ఏడ మొదలువెట్టిండో తెలుస్తున్నది." హార్మోనియం దగ్గరికి జరుపుకుని ఒక మెట్టు నొక్కి పట్టుకున్నారు. ఆ మెట్టు మీదికి ఒంగి చాలాసేపు విన్నారు. తర్వాత ఆయన ముఖం మారింది. "అయ్యగారూ, ఇది మా శ్రుతి. మేం పాడినదే."

అయ్యగారు క్యాసెట్‌తో వచ్చిన అట్ట మీది సన్న అక్షరాలు చదివి, నిజమేనన్నారు. ఆ పాతకాలంలో శ్రుతి ఇప్పటి కంటే ఒక మెట్టు కిందే ఉండేదట. తక్కువ కరెంటు మమ్మల్ని తెలియకుండానే అక్కడికి దించి పెట్టింది. నడక మాత్రం మాది తప్పే.

"సగం తప్పు మాఫీ అయ్యింది" అన్నారు మా ఆయన. నెలల తర్వాత ఆయన నవ్వడం చూశాను. దేవా, ఈ ఒక్క పూట ఇచ్చినందుకు స్తోత్రం అనుకున్నాను. అంతకంటే ఎక్కువ అడగడానికి భయమేసింది.

కొద్దిమందితోనే పాడవచ్చని ఆ క్యాసెట్ చెప్పింది కదా. మిగిలినవాళ్లనే కూడగట్టి, పునరుత్థాన పండుగకు బృందగానం కొత్త నడకలో పాడిద్దామన్నారు మా ఆయన. ముమ్మరంగా సాధన. అందరూ కార్ఖానా పని దిగి నేరుగా చర్చికి వచ్చేవారు, నెత్తిన దూది పోగులతోనే. అందరికీ ఉత్సాహం పట్టింది. అయ్యగారు కూడా మగవాళ్ల వరుసలో నిలబడ్డారు.

"పాత పాట ఎడ్లబండి, ఇది లూనా బండి" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు గానీ, ఆమె ఏమన్నదో ఆయనకు అందలేదని నాకు తెలుసు.

పండుగ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం మొదటి నుంచి చివరిదాకా పాడాం. మగవాళ్లు ఎత్తుకున్నారు. తర్వాత ఆడవాళ్లం పైశ్రుతిలో అందుకోవాలి. అందుకున్నాం. తప్పు పోలేదు, ఇప్పటికీ చెప్పగలను. ఆయన తాళం చూపే కర్ర ఎత్తి పట్టుకుని మా వైపు తిరిగి పాట ఆపేశారు.

"ఆడోళ్లెందుకు ఎత్తుకుంటలేరు?"

 ఆయన మళ్లీ మొదటి నుంచి పాడించారు. ఈసారి మేం గట్టిగా, మెడ నరాలు తేలేట్టు పాడాం. ఆయన మా నోళ్ల వైపు చూశారు. నోళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. లావు గొంతులు ఇంకా కొంచెం అందుతున్నాయి గానీ, సన్న గొంతులు ఆయనకు పూర్తిగా పోయాయి. నా గొంతు కూడా.

"పాడుతున్నరా?" అని నన్నే అడిగారు.

"పాడుతున్నం" అన్నాను. ఆ మాట ఆయనకు వినబడలేదు. తల ఊపితే అర్థమైంది.

కర్ర హార్మోనియం మీద పెట్టారు.  చెప్పులు తొడుక్కుని బయటికి పోయారు. అయ్యగారు ప్రార్థన చేయబోయి మానుకుని, పాటల పుస్తకాలు సర్దారు. ఆ పండుగకు మామూలు కీర్తనలే పాడారు. ఆ తర్వాత మా చర్చిలో క్వయర్ అంటూ లేదు.

చెవి మిషన్ కూడా కొన్నాం. అది పెట్టుకుంటే సాంచాల చప్పుడు పెద్దదైంది, మనుషుల మాట కాలేదు. తీసి గూట్లో పెట్టారు. అదే కార్ఖానాకు ఇప్పటికీ పోతున్నారు. ఇంకో పని ఎవరిస్తారు? చెవిటివాడని ఆయన్ను తక్కువ చూడని చోటు అదొక్కటే. అక్కడ అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు.

అయ్యగారు తన టేపు రికార్డరునూ, క్యాసెట్‌నూ మా ఇంట్లోనే ఉంచేశారు. నేనిప్పుడు పగటిపూట ఒక్కదాన్నే ఉన్నప్పుడు రెండూ వింటాను. పాత ప్లేటు వింటే లోకమంతా పాడుతున్నట్టుంటుంది. అందులో ఒకరు తగ్గినా తెలియదు, కాసేపు మనసుకు ఊరట. క్యాసెట్‌లో అలా కాదు. ఒక్కొక్కరూ ఎక్కడున్నారో తెలుస్తుంది, ఎవరన్నా తప్పుకుంటే అక్కడ గుంట పడుతుంది. ఏది మంచిదని అయ్యగారు మొన్న కూడా అడిగారు. నాకు తెలియదన్నాను. మా ఆయనకు ఆఖరున వినిపించింది రెండోదే, అందుకని అది అరగకుండా దాచుకుంటున్నాను. ఏడాదిలో ఏ రెండు మూడు సార్లో పెడతాను.

ఒకసారి ఆయన ఉండగానే పెట్టాను. టేపు తిరుగుతుంటే చూసి, "ఏడిదాకచ్చింది?" అని అడిగారు. ఫలానా చోటని వేళ్లతో తాళం వేసి చూపించాను. రెండు మూడు తాళాలు కలిపారు. నేను తాళం ఎప్పుడు ఆపానో గమనించక, ఆ తర్వాత కూడా వేస్తూ ఉండిపోయారు. నేను చెయ్యి పట్టుకుని ఆపలేదు.

చెవులు తిరిగి వస్తాయని నేను ఎదురుచూడడం లేదు. ఆ ప్రార్థన చేసి చేసి వదిలేశాను. దేవుని మీద అలగలేదు, ఇచ్చినవి చాలా ఉన్నాయి. ఇది చదివిన మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీరు ఏ దేవునికి దండం పెట్టుకునేవారైనా సరే, సిరిసిల్లలో సాంచాల మధ్య నిలబడి పోగులు అతుకుతున్న మా ఆయన్ను ఒక్కసారి తలచుకోండి.