భూమిదాకా తోవ

2004 మే, ఆదివారం. ఉన్నవారు: నేను, నా భార్య సుగుణ, పక్కింటి మంగమ్మగారు, గుంత తవ్వడానికి వచ్చిన చెన్నయ్య.

ఆనాటి నా డైరీ పుట అలా మొదలవుతుంది. ఇన్నేళ్ల తరువాత, ఇవాళ పొద్దున పెరట్లో కరెంటు ఎర్తు గొట్టం ఎండిపోకుండా నీళ్లు పోస్తుంటే లోపలి బొగ్గులు బుడబుడమని పీల్చుకున్నాయి. తడి బొగ్గు, ఉప్పు కలిసిన వాసన పైకి వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, మంగమ్మగారు నా వెనకే నిలబడి ఉన్నట్టుంటుంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

అప్పట్లో నేను చండ్రుగొండ దగ్గర కలప డిపోలో గుమాస్తాని. మంగమ్మగారి కుటుంబం ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పామాయిల్ తోట వేసింది. భర్త పోయాక తోటంతా ఆవిడే చూసుకునేవారు. ఇరుగుపొరుగు మగవాళ్లను పేరు పెట్టి పిలిచేవారు కాదు. నేను ఆవిడకు ‘డిపో గారు’.

ఆ వేసవిలో మా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి చిమచిమలాడేది. చెప్పులు వేసుకొని తెరవమన్నాను.

“వంటింట్ల చెప్పులా? మీ అమ్మ ఫొటోలకెల్లి దిగొస్తది,” అంది సుగుణ. తడి కాళ్లతో, తడి చేతులతో రోజంతా అక్కడే తిరిగేది.

ఆ ఆదివారం మంగమ్మగారు వస్తే, మంచినీళ్లు ఇవ్వబోయి సుగుణ ఫ్రిజ్ తెరిచింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఇది రోజూ నన్ను పలకరిస్తదమ్మా,” అని నవ్వింది. మంగమ్మగారు నవ్వలేదు.

“ఎర్తు ఎక్కడ వేయించారు డిపో గారూ?”

పెరట్లో గోడవారన ఉన్న కడ్డీ చూపించాను. ఇల్లు కట్టినప్పుడు వేసినది, నిటారుగా, ధీమాగా కనిపించేది. ఆవిడ వంగి, వేరుశనగ మొక్క పీకినట్టు ఒంటిచేత్తో పీకేశారు. మూరెడు కూడా లేదు. మా నేలలో కొంచెం లోతుకే రాయి తగులుతుంది. వేసినవాడు కడ్డీని అక్కడికి కోసి చేతులు దులుపుకున్నాడు. పైకి కనిపించేదాన్ని చూసి నిశ్చింతగా ఉండే అలవాటు నాకు ఆ క్షణమే పోయింది.

“ఇది ఎర్తా, మజ్జిగ చిలికే కవ్వమా? మా మోటారు కాడ కూడా ఇట్టాంటి కవ్వమే ఉండేది. మోటారు షాక్ కొట్టి మా ఆయన పోయాక పీకి చూశా.” కాసేపు దాన్ని చేతిలో తిప్పారు. “కరెంటుకు భూమిదాకా తోవ ఉండాలండీ. లేకపోతే మనిషిలోంచి పోద్ది. సరైన ఎర్తు పడేదాకా ఈ ఇంట్లో నీళ్లు ముట్టను.”

మా వైపు ఇంటికొచ్చిన మనిషి నీళ్లు వద్దంటే అది తిట్టుకంటే ఎక్కువ. సుగుణ ముఖం వాడిపోయింది. మంగమ్మగారు మెయిన్ స్విచ్ దించి, చెన్నయ్యను పిలిపించారు.

చెన్నయ్యది అడవి అంచున ఉన్న గూడెం. గడ్డపార పట్టే ముందు చిటికెడు మట్టి నుదుటికి అద్దుకున్నాడు. “తల్లీ, పని పడ్డది. ఏమనుకోకు.”

అప్పటిదాకా తొందరపెట్టిన మంగమ్మగారు చెప్పులు విడిచి నిలబడ్డారు. “మా ఆయన పోయినప్పుడు ఈ తల్లినే తిట్టాను చెన్నయ్యా, మింగేసిందని.”

“ఆమె మింగదమ్మా. మనం అంపిందే తీసుకుంటది.”



రాయి పగలగొట్టి మనిషి లోతు గుంత తీసేసరికి పొద్దు వాలింది. ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా పోశాం. నీళ్లు పోస్తే నేల గుటకలు వేసింది. తీగ బిగించాక మంగమ్మగారు మెయిన్ వేసి, టెస్టు బల్బు ఒక కొసను కరెంటుకు, రెండో కొసను ఎర్తుకు ఆనించారు. బల్బు భగ్గున వెలిగింది. ఎన్నో ఏళ్లుగా డైరీలో వానలూ వడగాడ్పులూ రాసుకుంటున్నాను గానీ, కాళ్లకింది నేలే రెండో చెయ్యి పట్టి దీపం వెలిగిస్తుందని నాకు తెలియదు. నలుగురం ఆ వెలుగును చూస్తూ ఉండిపోయాం.

“ఇప్పుడన్నా నీళ్లు తాగుండ్రి,” అంది సుగుణ.

“ఈ రాత్రి ఆ నేలను తాగనియ్యి అమ్మాయ్. రేపు నువ్వు ఫ్రిజ్ తెరిచాక నేను తాగుతా.”

మర్నాడు తెల్లవారగానే వచ్చారు. ముందు తానే వేళ్ల వెనకవైపు ఫ్రిజ్ తలుపుకు ఆనించి చూశారు. తరువాత సుగుణ తడి కాళ్లతో నిలబడి పిడి పట్టుకుంది.

“పలకరిస్తలేదే!”

మంగమ్మగారు గోడకు ఆనుకొని అప్పుడు ఊపిరి వదిలారు. “అలిగిందేమోలే. ఏవీ నా నీళ్లు?”

చెంబు అందుకొని నేరుగా పెరట్లోకి నడిచారు. సగం గొట్టంలో పోసి, మిగతా సగం తాగారు. వేసవి పొద్దుల్లో నేను ముంచుకునే చెంబులో ఇప్పటికీ సగమే నాది.