కదలొద్దన్నది నేనే

క్రికెట్ మ్యాచ్ నడుస్తుంటే గుంటూరులో మా ఇంట్లో ఎవరూ లేవకూడదు. అది మా నాన్న పెట్టిన చట్టం. మనవాళ్లు బాగా ఆడుతున్నంతసేపూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి. ఒకసారి అమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చిన క్షణంలోనే సిక్సర్ పడింది. అంతే, మిగతా ఓవర్లన్నీ ఆవిడ ఆ గుమ్మంలోనే నిలబడింది. లోపల పప్పు మాడిపోయింది. దీన్ని మేం సెంటిమెంట్ అంటాం. నేను ఇంజినీరింగ్ చదివి, కెనడా వచ్చి, పీజీ డిప్లొమా చేస్తూ కూడా దాన్ని వదల్లేదు. అప్పుడే వదిలేసి ఉంటే ఇవాళ ఇది రాసే అవసరం ఉండేది కాదు.

ఇక్కడ ఎటోబికో అనే చోట నేనూ మా రూమ్మేటూ ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. తనది కరీంనగర్. ఆ రోజుల్లో మా వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు ముందు చూసినా మనవాళ్ల చెప్పులే కనిపించేవి. వారమంతా కాలేజీ, శని ఆదివారాలు ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడౌన్‌లో అట్టపెట్టెలు మోయడం. పైన మా ఓనరు ఒక్కరే ఉండేవారు. గ్రీసులో ఒక రేవు ఊరి నుంచి కుర్రతనంలో వచ్చేసిన మనిషి. డెబ్బై దాటాయి. భార్య పోయింది, కూతురిది ఎక్కడో దూరాన కాల్గరీలో ఉద్యోగం. మేం ఆయన్ని అంకుల్ అంటే మొదట్లో తెగ ఆశ్చర్యపోయారు, "మీకూ నాకూ చుట్టరికం ఎక్కడిది?" అని. తర్వాత్తర్వాత తనే ఫోన్ చేసి "నేను అంకుల్‌ని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టారు. మా మాటలన్నీ ఇంగ్లిషులోనే, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

ఆ వేసవి మొదట్లో ఒక శుక్రవారం మెట్లు దిగి వచ్చి తలుపు కొట్టారు. యూరప్ క్లబ్బులన్నీ ఏడాది పొడవునా బాస్కెట్‌బాల్ ఆడుకుంటాయట. చివరికి రెండే మిగులుతాయట. ఆ రెండింటిలో ఒకటి ఈసారి ఆయన పుట్టిన ఊరి క్లబ్బు. ఫైనల్ ఆదివారం, అక్కడ రాత్రి, మనకు మధ్యాహ్నం ఒంటిగంట.

"నా భార్య పక్కన కూర్చుని అరిచేది. ఇల్లంతా ఇలా చప్పుడు లేకుండా ఉంటే ఫైనల్ ఎలా చూడను? మీరిద్దరూ పైకి వచ్చి అరవండి" అన్నారు.

అరవడమా? అడగాల్సిన వాళ్లనే అడిగారు! ఆదివారం షిఫ్టు వేరేవాళ్లకి ఇచ్చేసి మరీ వెళ్లాం. కింద నూనె పెడితే చాలు పొగ అలారం మోగుతుంది కాబట్టి మిరపకాయ బజ్జీలు ఆయన వంటింట్లోనే వేశాం.

నాకు బాస్కెట్‌బాల్ గురించి ఓనమాలు కూడా తెలియవు. ఆయనే చెప్పారు. నాలుగు భాగాలు, ఒక్కోటి పది నిమిషాలు. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు, దగ్గర్నుంచి రెండు. పది నిమిషాలని పేరేగానీ గడియారం ఆపుతూ ఆపుతూ అరగంట సాగదీస్తారు. మొదటి భాగంలో ఆయన మంచినీళ్ల కోసం లేచారు. ఆ కాసేపట్లో అవతలివాళ్లు దూరం నుంచి రెండుసార్లు వేసేశారు.

"అంకుల్, మీరు లేవబట్టే!" అన్నాను. మా ఇంటి చట్టం, అమ్మ, గరిటె, మాడిన పప్పు, అన్నీ చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి, కూర్చున్నారు. కూర్చున్నాక నిజంగానే వాళ్ల క్లబ్బు పుంజుకుంది. నేనేం చెయ్యను? పుంజుకుంది మరి! ఇక ఆయనకీ నా పిచ్చి అంటుకుంది. "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగి "కదలొద్దు" అనే మాట నేర్చుకున్నారు. రిఫరీ విజిల్ వేసినప్పుడల్లా వేలు చూపించి, మా రూమ్మేటుతో "కదలోద్దు" అనడం, మేం పడీ పడీ నవ్వడం.

సగం ఆట అయ్యాక విరామం ఇచ్చారు. అంకుల్ ఒక బజ్జీ కొరికారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛాతీ రుద్దుకుంటూ "మంట, మంట" అన్నారు. మేం నవ్వాం. పెరుగు తెచ్చి ఇచ్చాం. నుదుటి మీద చెమట పట్టింది. గుంటూరు కారమా మజాకా అనుకున్నాను. నా మొహం, అలాగే అనుకున్నాను.

మూడో భాగంలో వాళ్ల క్లబ్బు ముందుకు వెళ్లింది. అంకుల్ అరవడం మానేశారు. భుజం నొక్కుకుంటూ, "రెండు నిమిషాలు పడుకుని వస్తాను" అని కుర్చీ చేతుల మీద బరువు మోపి సగం లేచారు. సరిగ్గా అప్పుడే అవతలివాళ్లు మూడు పాయింట్లది వేశారు.

"కదలొద్దు!" అని అరిచాను. గొంతు చించుకుని అరిచాను.

ఆయన నా వైపు చూశారు, టీవీ వైపు చూశారు. మెల్లగా మళ్లీ కూర్చుని "సరే మేడం" అన్నారు.

"ఏందే నువ్వు, పెద్దాయన గదా, జర పండుకుంటాడేమో, పోనియ్యరాదే" అంది మా రూమ్మేటు.

"మ్యాచ్ అయ్యాక పడుకుంటార్లే!" అన్నాను.

చివరి నిమిషానికి వాళ్ల క్లబ్బు ఒక్క పాయింటు ముందుంది. నేను దిండు కొరుకుతున్నాను. మూడంటే మూడు సెకన్లు ఉండగా అవతలి జట్టులో ఒకాయన గాల్లోకి లేచాడు. కళ్ల ముందు ఎదుటివాడి చెయ్యి అడ్డం ఉన్నా బంతి విసిరాడు. అది పోయి పోయి వలలో పడింది. మిగిలిన క్షణాల్లో మనవాళ్లు వేసిన బంతి రింగుకు తగిలి బయటికొచ్చింది. అయిపోయింది. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

రెండు రోజుల కిందటి వరకు పేరైనా తెలియని క్లబ్బు కోసం దిండు నేలకేసి కొట్టాను. అంకుల్ చూపు టీవీ మీదే ఉంది. అరవలేదు, తిట్టలేదు. పాపం, షాక్‌లో ఉన్నారు అనుకున్నాను. ఓడిపోయినప్పుడు మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. టీవీ కట్టేస్తారు, ఎవరూ ఎవరినీ పలకరించరు. నేను లేచి టీవీ కట్టేశాను. మా రూమ్మేటు ఏదో అనబోతే నోటి మీద వేలు పెట్టి ఆపాను. అలా ఐదు నిమిషాలు కూర్చున్నాం. ఐదు నిమిషాలు! మనిషి ప్రాణం పోతుంటే ఎదురుగా కూర్చుని, బుద్ధిమంతురాలిలా మౌనం పాటించాను.

ప్లేట్లు తీయడానికి వంగిన మా రూమ్మేటు ఆయన చెయ్యి ముట్టుకుని ఉలిక్కిపడింది. "ఓ పిల్లా, అంకుల్ చెయ్యి సల్లగైందే! ఫోన్ చెయ్యి, జల్ది!"

అంబులెన్స్ ఎంత తొందరగా వచ్చిందో నాకు గుర్తులేదు. ఆయన ఛాతీకి వైర్లు అంటిస్తూ ఒకమ్మాయి అడిగింది, "నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడే" అంది మా రూమ్మేటు.

నేను బల్ల మీది ప్లేటు చూశాను. ఒక్క కొరుకు కొరికిన బజ్జీ అలాగే ఉంది. అప్పుడు తెలిసింది. అది కారం కాదు.

"విరామంలో" అన్నాను.

"అంటే ఎంతసేపైంది?"

"గంట దాటింది."

ఆ అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. మళ్లీ పనిలో పడిపోయింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

మర్నాటికి కూతురు కాల్గరీ నుంచి వచ్చింది. ఆసుపత్రి వరండాలో ఆవిడకి మొత్తం చెప్పేశాను. ఆయన లేవబోతే నేనే కూర్చోబెట్టానని, ఎందుకు కూర్చోబెట్టానో కూడా. ఇంగ్లిషులో చెబుతుంటే నా సెంటిమెంట్ నాకే అసహ్యమేసింది. ఆవిడ "గుండె కొంత దెబ్బతిందన్నారు" అని మాత్రం చెప్పింది. తర్వాత, "లోపలికి వెళ్లు. నిన్న రాత్రి నుంచీ నీ కోసమే అడుగుతున్నారు" అంది.

తిడతారు, తిట్టాలి అనుకుంటూ వెళ్లాను. అంకుల్ మొహం పాలిపోయి ఉంది. దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"నన్ను క్షమించమ్మా. చివర్లో కదిలాను."

నాకు అర్థం కాలేదు.

"ఈ చెయ్యి బరువెక్కిపోయి కుర్చీ మీంచి దానంతటదే జారిపోయింది. పైకి పెడదామంటే రాలేదు. సరిగ్గా అప్పుడే వాడు బంతి వేశాడు. నువ్వు చెబుతూనే ఉన్నావు. కావాలని కదల్లేదమ్మా, నమ్ము."

నేను చెప్పాల్సిన క్షమాపణ ఆయన చెబుతున్నారు. "అంకుల్, అదంతా అబద్ధం. కుర్చీకీ బంతికీ ఏ సంబంధమూ లేదు. నేనే మూర్ఖురాల్ని" అని ఏడ్చేశాను.

"మరి కూర్చున్నంతసేపూ మనమే ముందున్నాం కదా?" అన్నారాయన.

ఇంతలో నర్సు వచ్చింది. నాలుగడుగులు నడిపించాలట. రెండు చేతులూ చాపింది. ఆయన కదల్లేదు, నా వైపు చూశారు.

"లేవండి అంకుల్" అన్నాను. "ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు లేవండి."

ఆయన తల తిప్పి గోడకున్న టీవీ వైపు చూశారు. అది కట్టేసి ఉంది. అప్పుడు లేచారు.