ఆయ్ అంటే నమ్మని అత్తయ్యగారు

మా అత్తయ్యగారు మొన్న ఆదివారం తెల్లవారుజామున రాజోలులో, మా ఇంట్లోనే పోయారు. ప్రార్థనలో పాస్టరుగారు 'ప్రభువునందు నిద్రించారు' అని చెప్పారు. ఆవిడే గనక వింటే, "నిద్రో, పోవడమో సరిగ్గా చూసి చెప్పండి" అనేవారు. ఆ మాట తట్టి, ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది.

ఆవిడ కాలేజీలో జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. అనుమానం ఆవిడకి వృత్తీ, వ్యసనమూ కూడా. గోదారి పులస అని తెచ్చినవాడి చేత "ఏమోనండీ, సముద్రంలోదే కావచ్చు" అనిపించేదాకా గుమ్మం దిగనిచ్చేవారు కాదు. పెళ్ళయిన కొత్తలో నేను పెట్టిన చేపల పులుసు రుచి చూసి, "మీ అమ్మగారు ఫోన్లో చెప్పేరా?" అని అడిగారు. అది మెచ్చుకోలో కాదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువ అనుమానం మా గోదారోళ్ళ 'ఆయ్' మీద. మా వైపు ఎవరేమడిగినా మర్యాదకి ముందు ఆయ్ అనేస్తాం. నిజమా కాదా, అర్థమైందా లేదా అన్నది తర్వాత సంగతి. "క్లాసంతా ఆయ్ అనేది. పేపర్లు దిద్దితే గానీ తెలిసేది కాదు" అని వాపోయేవారు. అందుకని ప్రాక్టికల్ పరీక్షల్లో ఓ వంకర ప్రశ్న వేసేవారట. కప్పని ముందు పెట్టి, "దీని చెవి డొప్ప కనబడుతోందా?" అని. కప్పకి చెవి డొప్ప ఎక్కడిది? అయినా "ఆయ్, కనబడతందండీ" అని మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు.

రిటైరయ్యాక ఆ అనుమానాన్నంతా పిట్టల మీదికి మళ్ళించారు. చలికాలం పొద్దున్నే సఖినేటిపల్లి మీదుగా, గోదారి సముద్రంలో కలిసేచోట ఉన్న అంతర్వేది బీచికి పోయేవాళ్ళం. తోడు నేనే. మా ఆయనకి పిట్టలంటే కూరలోవే.

బైనాక్యులర్ పట్టుకున్న ఆడవాళ్ళంటే అక్కడివాళ్ళకీ అనుమానమే. వల బాగుచేసుకుంటున్న పెద్దాయనొకాయన దగ్గరికొచ్చి, "మేడంగారూ, రొయ్యల చెరువులకి స్థలం చూడ్డానికొచ్చేరాండీ?" అన్నాడు.

"కాదండీ, పిట్టల్ని చూడ్డానికండీ."

"ఆయ్" అని, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళాడు.

"చూసేవా, ఒక్క ముక్క నమ్మలేదు" అన్నారు అత్తయ్యగారు. ఆ గొంతులో ఆయన మీద గౌరవం వినబడింది.

అక్కడికి చలికాలం వచ్చే వలస పిట్టల్లో శాండ్ ప్లోవర్లని రెండు జాతులున్నాయి. రెండూ బురద రంగే. పెద్దదానికి ముక్కు కాస్త పొడుగు, కాళ్ళు కాస్త పొడుగు, కొంచెం పసుపు. ఆ కాస్త ఎంతో, రెండూ పక్కపక్కన నిలబడితేనే తెలుస్తుంది. అవేమో నిలబడవు. చిన్నవి మాకు రోజూ కనబడేవి. పెద్దది కనబడిందని ఎవరైనా ఫొటో పంపితే, "ఎండలో అన్నీ పెద్దగానే కనబడతాయి" అని పక్కన పెట్టేసేవారు. తను చూసినవాటినీ అలాగే కొట్టేసేవారు.

కిందటి చలికాలం నాకే ఆవిడ మీద అనుమానమొచ్చింది. అంతకుముందు నాకు చెప్పేవారు, ఇప్పుడు అడుగుతున్నారు. "కాళ్ళు ఏ రంగు? ముక్కు ఎంత?" పరీక్ష అనుకున్నాను. ఓ పొద్దున పిట్టలు కుడివైపు పరిగెడుతుంటే, ఆవిడ ఎడమవైపున్న వల కుప్పని దీక్షగా చూస్తున్నారు. గట్టిగా అడిగితే చెప్పారు. కళ్ళల్లో నీటికాసులట.

"డాక్టరు చెప్పేడులే. ఆయన మాట మీద నాకంత నమ్మకం లేదు" అన్నారు. మళ్ళీ తనే, "బొత్తిగా కనబడకుండా పోయేలోగా ఆ పెద్దది ఒక్కసారి అనుమానం లేకుండా తేలాలమ్మాయ్" అన్నారు. ఆవిడ నా దగ్గర ఏదైనా కావాలని అనడం అదే మొదలు.

ఆవిడ పోయాక ఇంట్లో నన్నెవరూ అనుమానించడం లేదు. చెప్పింది చెప్పినట్టు నమ్మేస్తున్నారు. నాకదేం బాగోలేదు.

కళ్ళ సంగతి నాకు చెప్పాక మేం బీచికి వెళ్ళింది ఒక్కసారే. పాటు మీద నీళ్ళు వెనక్కి తగ్గి, తడి ఇసుక బయటపడింది. దాని మీద రెండు పిట్టలు పక్కపక్కన ఆగాయి. ఒకటి రెండోదానికన్నా స్పష్టంగా పెద్దది.

"అత్తయ్యగారూ, పెద్దదండీ. పక్కన చిన్నది కూడా ఉందండీ."

"నా కోసం చెబుతున్నావా?"

"లేదండీ."

"పాపం ముసల్ది అనుకుని..."

"మీ మీద నాకంత జాలి లేదండీ."

ఆవిడ మూతి బిగించుకున్నారు. ముక్కు అడిగారు, కాళ్ళు అడిగారు, చెప్పాను. "మెడ వెనక తెల్ల పట్టీ ఉందా? బాగా కనబడుతుండాలే?"

ఆయ్ అన్నది నా నోటి చివరిదాకా వచ్చింది. మళ్ళీ చూశాను. "లేదండీ. మెడ వెనక తెలుపు లేదు."

"సరిగ్గా చూడు. ఉండాలి."

"లేదండీ, అత్తయ్యగారూ."

తెల్ల పట్టీ ఉండేది వేరే జాతికి. అదీ కప్ప చెవి డొప్ప లాంటి ప్రశ్నేనని ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు.

"అయితే పెద్దదే" అన్నారు ఆవిడ.

అంతలోనే అది లేచింది. ఆవిడ మాత్రం ఇంకా ఆ తడి ఇసుక వైపే చూస్తూ, "ఏం చేస్తోంది?" అని అడిగారు.

"ఎగిరిపోయిందండీ."

"ఎటు?"

"కుడివైపు. నది మీదుగా."

ఎవరి మాటా ఊరికే నమ్మని మా అత్తయ్యగారు ఇంకేమీ అడగలేదు. బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకునే నేను చెప్పిన వైపుకి తిరిగి, పైట గాలికి కొట్టుకుంటుంటే, చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డారు.