తరిపొలం ఒడ్డు మీద మేనత్త

మా మేనత్త పోయింది. కాజీపేటలో రైలు దిగుతుండగా ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. "పొద్దుగాల కందిచేను చూడ పోయింది. ఆడ్నే కూసున్నది కూసున్నట్టే పోయింది" అన్నాడు.

నా వాటా భూమి చేతికొచ్చిన ఏడు, అంతటా పత్తే వేద్దామనుకున్నాను. హనుమకొండలో ఉద్యోగం చేసుకునేదాన్ని, మన్ను సంగతి నాకు తెలియదు. అత్త నన్ను వెంటబెట్టుకుని తిప్పింది. ఎర్ర చెలకలో గుప్పెడు మన్ను తీస్తే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. "ఇది నీళ్లు ఆపది బిడ్డా. కంది ఎయ్యి. పత్తి రేగడికి." నల్లరేగడి వాన తడిని చాలాకాలం దాచుకుంటుందని చెప్పింది. తెల్లగా ఉప్పు పేరిన చౌడు దగ్గర నేను మొహం చిట్లించాను. "దాన్ని తిట్టకు, వింటది. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ సల్లి, పూతకు రాంగనే కలియ దున్ను. జర ఓపిక పట్టాలె."

ఏ చేనులో అడుగు పెట్టినా ముందు చెప్పులు విడిచి, వంగి ఏదో గొణిగేది. మొక్కుకుంటోందనుకున్నాను. అడిగితే, "వచ్చిన అని చెప్తాన" అంది.

ఆ ఏడు వానలు తేలిపోయాయి. రేగడిలో పత్తి నిలిచింది. చెలకలో వేసినవాళ్లది ఎండింది. నా కంది ఇంటికొచ్చింది.

చెరువు కింద ఆమెకు తరిపొలం ఉండేది, ఏటా వరే. మామ అక్కడే, మోటారు దగ్గర కరెంటు తగిలి పోయాడు. అయినా ఆమె నాటు మానలేదు. ఒక యాసంగిలో వరి పాలు పోసుకునే వేళ నీళ్లు అందక మడి బీటలిచ్చింది. మిట్టమధ్యాహ్నం ఇద్దరం చూడబోయాం. కరెంటు లేదు, చుట్టూ మనిషి లేడు. తడి మట్టిలో పార దిగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కాలువ గండి అప్పుడే కొట్టినట్టుంది. నీళ్లు మడిలోకి పారుతున్నాయి.

"ఎవరత్తా?"

"మీ మామ. నీళ్లు మలుపుతాండు."

"నీకు భయం కాదా?"

"బతికున్నప్పుడు లేని భయం ఇప్పుడెందుకు బిడ్డా."

చప్పుడు ఆగింది. అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒడ్డు సన్నగున్నది. జర దిగు, వస్తాండు."

బురదలోకి దిగాం. గాలి లేదు. ఒడ్డు మీద గడ్డి, అడుగు పడ్డట్టు ఒక్కో కుదురూ అణిగి మెల్లగా లేచింది; ఆ జాడ మా ముందునుంచి సాగిపోయింది. అత్త కొంగు తలమీదికి లాక్కుని, పిక్కల దాకా బురదలో, తల వంచి నిలబడి ఉంది.