తువ్వాలు కింద బేరం

2022 వేసవి మొదలు. మామిడి పిందెలు గోళీకాయంత ఉన్న రోజులు. నూజివీడు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. అప్పుడు నా దగ్గరికొచ్చిన కేసు రామ్మోహన్ మాస్టారిది. తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు దండానికి లేస్తాయి.

మాస్టారు కథలు రాసేవారు. స్ట్రోక్ వచ్చి మెడ కింద అంతా పడిపోయింది, మాటా పోయింది. నవల సగంలో ఆగింది. అక్షరాల బోర్డు రాసి, ఒక్కో అక్షరం చూపిస్తూ, కావలసిన అక్షరం దగ్గర కళ్లు ఆర్పమన్నాం. కానీ రెప్పలు ఆయన మాట వినేవి కావు. కావాలని ఆర్పారో, వాటంతటవే వాలాయో తేల్చుకోలేక ఆయనా మేమూ అలిసిపోయేవాళ్లం. చూడవచ్చిన చుట్టాలు "పాపం, ఆయనకేం తెలీట్లేదు" అని మంచం పక్కనే నిలబడి అనేవారు. నాకు ఒళ్లు మండేది. కాదని చూపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

ఒకరోజు కాళ్లకు వ్యాయామం చేయిస్తుంటే, ఏటా మాస్టారి తోట కాపు కొనే కోటయ్య గారు వచ్చారు. పాతకాలం వ్యాపారి. ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, లోపల వేళ్లు నొక్కి బేరమాడతారు. పక్కవాళ్లకు తెలియకూడదని ఆ పద్ధతి.

"నాతో మాట్లాడండి అన్నయ్యగారూ, ఆయన్ని కదపకండి," అన్నారు మాస్టారి భార్య సరోజిని గారు.

"తోట మాస్టారిది కదమ్మా. ఆయన చెయ్యి పట్టుకోకుండా బేరమేంటి?" అంటూ కోటయ్య గారు భుజం మీది తువ్వాలు తీసి మాస్టారి కుడిచేతి మీద కప్పారు. చాదస్తం అనుకున్నాను.

కాసేపటికి కోటయ్య గారి ముఖం మారిపోయింది. "డాక్టరమ్మా, ఇలా రండి! మాస్టారు ఒప్పుకోవట్లేదు!"

నేనూ చెయ్యి పెట్టాను. కోటయ్య గారు ధర నొక్కిన ప్రతిసారీ, కాదన్నట్టు మాస్టారి చూపుడు వేలు సన్నగా మెదిలింది. మేం దాన్ని ఫ్లికర్ అంటాం. కంటికి ఆనదు, పట్టుకున్న చేతికే తెలుస్తుంది. అంతకుముందు నేను పరీక్ష చేసినప్పుడు అదీ లేదు.

ఆ పూటే బోర్డును వరసలుగా మార్చాం. ఎన్నో వరసో, అందులో ఎన్నో అక్షరమో ఆయన వేలిని అన్నిసార్లు కదిపి చెబుతారు. గుణింతాలు మేం అందుకుంటూ కూడబలుక్కుంటే మొదటి వాక్యం తేలింది: "కోటయ్యా, ధర పెంచు."

"పెంచకపోతే వదుల్తారా మాస్టారూ!" అని కోటయ్య గారు అదే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు. సరోజిని గారు నవ్వుతూనే ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

తర్వాత మిగిలిన నవలంతా సరోజిని గారి అరచేతిలోనే సాగింది. "ఇంకా తువ్వాలెందుకండీ?" అని అడిగాను ఒకసారి.

"ఉండనీ అమ్మా. రాసేటప్పుడు ఎవరన్నా తొంగిచూస్తే ఈయనకి మొదట్నుంచీ పడదు," అన్నారు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, మంచంలో ఉన్న మనిషి గురించి పక్కవాళ్లను అడగను. ముందు ఆ మనిషి చెయ్యి పట్టుకుని, ఆ మనిషినే అడిగి, కాసేపు ఆగుతాను. ఈ పాఠం నాకు కాలేజీలో కాదు, కోటయ్య గారి చాదస్తంలో దొరికింది.

మొన్న నవల అచ్చయి వచ్చింది. ఒక ప్రతి నాకిచ్చి, సరోజిని గారు నా చెయ్యి తువ్వాలు కిందకు లాగి, బోర్డు నా ముందు పెట్టారు. మాస్టారు చాలాసేపు చెప్పారు. ఏం చెప్పారని అడగకండి. తువ్వాలు కింద మాట బయటపెట్టకూడదు.