ఒతీలియా తోమిన బకెట్

బెయ్యో ఊరి కొండవాలు పేటలో ఒతీలియా బట్టలుతికే తొట్టి అంత శుభ్రమైన తొట్టి ఇంకోటి లేదు. దోమ గుడ్లు తొట్టి గోడలకే అంటుకుంటాయి. అందుకే ప్రతి శనివారం క్లోరిన్‌లో సబ్బుపొడి కలిపి గోడలకు పూసేది, పావుగంట ఆగి బరబరా తోమేది. తొమ్మిదేళ్ళ కిందట ఆమె కొడుకు హెర్నాన్‌ను డెంగీ పొట్టన పెట్టుకుంది. ఆ దోమ పక్కింటి రుబియేలా పాచి తొట్టిలోనే పుట్టిందని ఒతీలియా తీర్పు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆరోగ్య కేంద్రం పిల్ల యెసేనియా మూత బకెట్ నిండా దోమ గుడ్ల నీళ్ళు తెచ్చినప్పుడు ఒతీలియాకు ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళూ చంపమని నా ప్రాణం తీశారు. ఇప్పుడు పెంచమంటావేంటే పిల్లా?"

"ఇవి వేరు, దోన్యా ఒతీలియా," అంది యెసేనియా మర్యాద తప్పకుండా. "ఇవి మంచి దోమలు. వీటి ఒంట్లో వోల్బాకియా అని ఒక బాక్టీరియా ఉంటది. అదుంటే దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగలేదు. తల్లి నుంచి పిల్లలకీ వస్తది. పోను పోను పేటంతా ఇవే ఉంటాయి."

"దోమకి ఉందన్నమాట కాపలా. నా కొడుక్కే లేకపోయింది."

బకెట్‌ను ఒతీలియానే చూరు కింద నీడలో పెట్టుకుంది. ఇంకో తల్లికి ఆ గతి పట్టకుండా ఆపే దోమ తన పెరట్లోనే పుట్టాలని ఆమె పంతం. రెండు వారాలు మూత తియ్యొద్దని, దోమలు పక్క చిల్లుల్లోంచే ఎగిరిపోతాయని చెప్పింది యెసేనియా.

రెండో శనివారం తొట్టి తోముతూ, ఎలా ఉన్నాయో చూద్దామని మూత తీసింది. నీటి మీద తెట్టు, లోపల గిలగిలా పురుగులు. తోమడం అలవాటైన చెయ్యి బుర్రను అడగలేదు. పారబోసింది, పూసింది, తోమింది. బకెట్ తళతళలాడాకే చేసిన పని తెలిసొచ్చింది.

యెసేనియా వచ్చి బకెట్‌లో క్లోరిన్ వాసన పసిగట్టింది.

"నేనే తోమాను," అంది ఒతీలియా. "ఇంకోటి ఇయ్యి."

"ఇక కుదరదు, దోన్యా. ఈ వరుసకి ఒక్కటే ఇస్తాం, దానికి పక్కింటావిడ ఒప్పుకున్నారు."

"రుబియేలానా? మంచిదే. అది జన్మలో ఏదీ తోమలేదు."

యెసేనియా నవ్వింది. ఒతీలియా నవ్వలేదు.

గోడ అవతల బకెట్ దించిన చప్పుడైంది. రుబియేలా దాన్ని ఎర్రటెండలో పెట్టింది. ఒతీలియా చూసింది, పళ్ళు కొరికింది, ఉండబట్టలేకపోయింది.

"నీడలో పెట్టు. ఉడికి చస్తాయి."

తొమ్మిదేళ్ళకు మొదటి మాట. అవతల బకెట్ నీడలోకి ఈడ్చిన చప్పుడైంది.

"సరే ఒతీలియా," అంది రుబియేలా. "హెర్నాన్ సంగతి..."

ఒతీలియా వంటింట్లోకి వెళ్ళి కిటికీ మూసేసింది.